జెట్స్ కొత్త సీజన్: మా అబ్బాయికి ఎవరి పేరున్న జెర్సీ కొనాలి?

పార్సిపనీ_తండ్రి
ఆగస్టు 10, 2025

మా ఇంటి అలమరాలో చలికోట్ల వెనక మా అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు న్యూయార్క్ జెట్స్ జెర్సీలు నాలుగు వేలాడుతున్నాయి. మొదటిది 2009లో, నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో, ఆఫీసులో అందరూ వేసుకుంటున్నారని కొనుక్కున్న మార్క్ సాంచెజ్‌ది. రెండోది 2018లో మా అబ్బాయి ఆరో పుట్టినరోజుకు కొన్న సామ్ డార్నాల్డ్‌ది. మూడోది 2021 నాటి జాక్ విల్సన్‌ది. నాలుగోది ఆరన్ రోడ్జర్స్‌ది. వాడు దాన్ని మొదటిసారి తొడుక్కుని టీవీ ముందు కూర్చున్న రాత్రే, 2023 సెప్టెంబరు 11న, జెట్స్ తరఫున ఆయన ఆడిన నాలుగో ప్లేలోనే (బంతి నాలుగోసారి కదలగానే) మడమ స్నాయువు తెగిపోయింది. బంతి విసిరి ఆట నడిపించే ఈ నలుగురు క్వార్టర్‌బ్యాక్‌లలో ఒక్కరూ ఇప్పుడు జట్టులో లేరు.

మా అబ్బాయికి పదమూడేళ్ళు. జెట్స్ చివరిసారి ప్లేఆఫ్స్ (సీజన్ చివర జరిగే నాకౌట్ ఆటలు) ఆడింది 2011 జనవరిలో, అంటే వాడు పుట్టకముందు. లీగు మొత్తంలో ఇంతకాలంగా ప్లేఆఫ్స్ మొహం చూడని జట్టు మరొకటి లేదు. పోయిన ఏడాది 5 గెలుపులు, 12 ఓటములు. అయినా నిన్న గ్రీన్ బేలో జరిగిన సన్నాహక ఆటలో ప్యాకర్స్‌ను 30-10తో ఓడించి, కొత్త క్వార్టర్‌బ్యాక్ జస్టిన్ ఫీల్డ్స్ స్వయంగా బంతి పట్టుకుని ఎండ్ జోన్‌లోకి పరుగెత్తి స్కోరు చేసేసరికి, పొద్దుటి నుంచి వాడు ఫీల్డ్స్ జెర్సీ కావాలని వెంటబడుతున్నాడు. ఇల్లు అలకగానే పండగ కాదురా అని తెలుగులో చెప్తే వాడికి అర్థం కాలేదు, ఇంగ్లీషులో చెప్పడం నాకు చేతకాలేదు.

కనుక జట్టును దగ్గరగా గమనిస్తున్నవారిని అడుగుతున్నాను. కొత్త కోచ్, కొత్త జనరల్ మేనేజర్, కొత్త క్వార్టర్‌బ్యాక్ అంటూ ఈసారి జరుగుతున్న సన్నాహాల్లో నిజంగా కొత్తదేమైనా ఉందా? లేక నేను ఐదో హ్యాంగరు సిద్ధం చేసుకోవాలా?

ఫ్రిస్కో_బుల్లోడు

నాలుగు సంవత్సరీకాలు పెట్టిన ఇంట్లో ఐదోదానికి ముహూర్తం అడుగుతున్నారు. మీ ఓపికకు దండం.

క్వీన్స్_పాతకాపు

ఫ్రిస్కో నాయనా, మీ డల్లాస్ కౌబాయ్స్ చివరిసారి సూపర్ బౌల్ (లీగు ఫైనల్) గెలిచింది 1996 జనవరిలో. ఆ పెళ్ళి క్యాసెట్టునే ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ వేసి చూపిస్తున్న మీరు మా ఇంటి సంవత్సరీకాల గురించి మాట్లాడకూడదు.

ఫ్రిస్కో_బుల్లోడు

మాకు క్యాసెట్టైనా ఉంది బాబాయ్ గారూ. మీ సూపర్ బౌల్ 1969 నాటిది, అది చూపించాలంటే ప్రొజెక్టరు అద్దెకు తేవాలి.

లెక్కల_మాస్టారు

జెర్సీ మాట తర్వాత, ముందు లెక్క చూద్దాం. ఫీల్డ్స్ చికాగో బేర్స్‌లో మూడేళ్ళు ఉండి, తాను క్వార్టర్‌బ్యాక్‌గా మొదలుపెట్టిన ఆటల్లో 10 గెలిచి 28 ఓడాడు. పోయిన ఏడాది పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌లో ఆరు ఆటలు ఆడాక రసెల్ విల్సన్ కోసం అతణ్ణి పక్కన కూర్చోబెట్టారు. జెట్స్ అతనికి ఇచ్చింది రెండేళ్ళకు 4 కోట్ల డాలర్లు, అందులో 3 కోట్లకు హామీ. ఈ రోజుల్లో క్వార్టర్‌బ్యాక్‌కు ఇది పెద్ద మొత్తం కాదు. అంటే జట్టే అతణ్ణి అద్దెకు తీసుకుంది. అద్దె ఇంటికి మీరు గృహప్రవేశం చేయకండి.

ఎడిసన్_ఫిజియో

మాస్టారు లెక్కలో సగమే చెప్పారు. పిట్స్‌బర్గ్‌లో ఆడిన ఆ ఆరు ఆటల్లో నాలుగు గెలిచారు. 2022లో అతను పరుగెత్తి సంపాదించినవి 1,143 గజాలు. ఒక సీజన్‌లో అంతకంటే ఎక్కువ గజాలు పరుగెత్తిన క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్ ఒక్కడే. మన రిసీవర్ (బంతి అందుకునేవాడు) గారెట్ విల్సన్, ఇతనూ ఒహాయో స్టేట్‌లో కలిసి ఆడినవాళ్ళు కనుక బంతి ఎటు వెళ్తుందో ఒకరి మనసు ఒకరికి తెలుసు.

అయితే ఫీల్డ్స్ జెర్సీ కొనమని నేనూ చెప్పను. అతనికి బంతిని చేతిలో అవసరానికి మించి ఉంచుకునే అలవాటు ఉంది, దానివల్లనే 2022లో 55 సార్లు కింద పడ్డాడు. ఈ సీజన్ అతని చేతిలో కంటే అతని ముందు నిలబడే ఐదుగురి కాళ్ళలో ఎక్కువ ఉందని నా అభిప్రాయం. రేపు వివరంగా రాస్తాను, ఇప్పుడు క్లినిక్‌కు వేళైంది.

క్వీన్స్_పాతకాపు

ఆ నాలుగు గెలుపులూ స్టీలర్స్ డిఫెన్స్ పుణ్యమమ్మా. అతను వాటిని చెడగొట్టలేదు, అంతవరకు ఒప్పుకుంటాను.

హైదరాబాద్_తిరుగుటపా

నేను పిస్కాటవే వదిలి తిరిగి వచ్చి మూడేళ్ళయింది. ఇక్కడ ఆదివారం రాత్రి పదిన్నరకు ఆట మొదలవుతుంది, జెట్స్ ఓడిపోయే సరికి రెండు దాటుతుంది, సోమవారం ఆఫీసులో నా కళ్ళు చూసి ఎవరింట్లో ఏం జరిగిందోనని పరామర్శిస్తారు. నాకు ఒక సందేహం. రోడ్జర్స్‌ను మార్చిలోనే వదిలేశారు, పైగా ఆయన ఇప్పుడు పిట్స్‌బర్గ్ జెర్సీ వేసుకున్నాడు. మరి ఆయన పేరు మీద జెట్స్ ఖాతాలో ఇంకా 4.9 కోట్ల డాలర్లు ఉన్నాయంటున్నారు, అదెలా?

లెక్కల_మాస్టారు

మీ కారు గుద్దుకుని తుక్కు కింద పోయింది అనుకోండి. కారు పోయినా బ్యాంకు వాయిదా పోదు కదా. అదే ఇది. ఒక్కో జట్టు ఈ ఏడాది జీతాల కింద చూపగలిగిన గరిష్ఠ మొత్తం 27.92 కోట్ల డాలర్లు. రోడ్జర్స్ వాయిదాలో 1.4 కోట్లు ఈ ఏటి పద్దులోనూ, మిగతా 3.5 కోట్లు 2026 పద్దులోనూ పడతాయి. జూన్ 1 తర్వాత వదిలినట్టు నమోదు చేయడంవల్ల ఆ భారాన్ని ఇలా రెండేళ్ళకు పంచుకోగలిగారు.

ఓక్‌ట్రీ_రోడ్డు_ఆడిటరు

మాస్టారి ఉపమానం వినడానికి బాగుంది, కానీ తప్పు. వాయిదా అంటే ఇంకా కట్టవలసిన డబ్బు. ఇక్కడ డబ్బు ఆటగాడి చేతికి ఎప్పుడో వెళ్ళిపోయింది. ఒప్పందం రోజున బోనస్ మొత్తం ఇచ్చేసి, పద్దులో మాత్రం దాన్ని ఐదేళ్ళ వరకు ముక్కలు చేసి రాసుకోవచ్చు. ఆటగాణ్ణి వదిలేస్తే రాయకుండా మిగిలిన ముక్కలన్నీ ఒక్కసారి మీద పడతాయి. ఇది అప్పు కాదు, ఆలస్యంగా రాసిన ఖర్చు.

లెక్కల_మాస్టారు

ఆడిటరు గారు చెప్పింది నిజమే. కారు కాదు, కూతురి పెళ్ళి ఖర్చు అనుకోండి. పెళ్ళి అయిపోయింది, భోజనాలు అయిపోయాయి, పద్దు మాత్రం ఇంకా మూయలేదు.

ఫ్రిస్కో_బుల్లోడు

పైగా అల్లుడు పక్కింట్లో కాపురం పెట్టాడు.

పైమెట్టు_ప్రేక్షకుడు

ఆ పెళ్ళికి నేను వెళ్ళాను కనుక చెప్తాను. 2023 సెప్టెంబరు 11 రాత్రి మెట్‌లైఫ్ స్టేడియంలో అన్నిటికంటే పైనున్న అంతస్తులో, వెనక గోడకు నాలుగు వరసల ముందు కూర్చున్నాను. రోడ్జర్స్ జాతీయ పతాకం పట్టుకుని సొరంగంలోంచి పరుగెత్తుకుంటూ వచ్చినప్పుడు కాళ్ళ కింద సిమెంటు అదిరింది. నా పక్కన మీసాలు నెరిసిన ఒకాయన, ముక్కూమొహం తెలియని మనిషి, నన్ను కౌగిలించుకున్నాడు. తర్వాత బఫెలో ఆటగాడు ఆయన్ను కింద పడేశాడు. లేచి నిలబడి, మళ్ళీ తనంతట తానే కూర్చుండిపోయాడు. అంత ఎత్తు నుంచి మొహం కనబడదు, కూర్చున్న తీరు కనబడుతుంది. ఎనభై వేల మంది ఉన్నచోట నా చేతిలోని కాగితపు పొట్లంలో వేరుసెనక్కాయ తొక్క నలిగిన చప్పుడు నాకు వినిపించింది.

ఆ రాత్రి జెట్స్ గెలిచిందన్న సంగతి చాలామందికి గుర్తు లేదు. అదనపు సమయంలో జేవియర్ గిప్సన్ అనే కొత్త కుర్రవాడు ఎదుటివాళ్ళు తన్నిన బంతిని (పంట్) అందుకుని 65 గజాలు పరుగెత్తి 22-16తో గెలిపించాడు. నా పక్కనాయన మళ్ళీ కౌగిలించుకున్నాడు గానీ, ఆ కౌగిలిలో బలం లేదు.

జెట్స్‌కు పొరపాట్లు ఎక్కడ జరుగుతున్నాయో నాకు అక్కడే అర్థమైంది. ఒక్క మనిషి కాలి మీద రెండేళ్ళ కార్యక్రమం కట్టారు. ఆయనకు నచ్చిన కోఆర్డినేటరు (వ్యూహాలు చూసే సహాయ కోచ్), ఆయన పాత స్నేహితులు, నిరుడు అక్టోబరులో తెచ్చిన రిసీవర్ డవాంటే ఆడమ్స్ కూడా ఆయన కోసమే. ఆయన మొత్తం ఆడినవి 18 ఆటలు.

క్వీన్స్_పాతకాపు

నేను 1978లో రెసిడెన్సీకి వచ్చి ఫ్లషింగ్‌లో దిగాను. ఆదివారం పొద్దున గణేశుడి గుడిలో దణ్ణం పెట్టుకుని మధ్యాహ్నం షే స్టేడియానికి వెళ్ళేవాణ్ణి. లగార్డియాకు దిగే విమానాలు నెత్తి మీదుగా పోతుంటే పక్కవాడు చెప్పేది వినబడేది కాదు, జెట్స్ ఆట చూసేటప్పుడు అది ఒక సౌకర్యమే. అప్పటినుంచి ప్రతి ఆగస్టులోనూ ఈ ఏడు వేరు అన్న మాట వింటూనే ఉన్నాను కనుక నాకు ఉత్సాహం తొందరగా రాదు.

అయినా ఈసారి కోచ్ విషయంలో ఒక సంగతి నన్ను ఆపుతోంది. ఆరన్ గ్లెన్‌ను అందరూ డెట్రాయిట్ నుంచి వచ్చిన మనిషిగా చూస్తున్నారు గానీ, 1994 డ్రాఫ్టులో (జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్ళను ఎంచుకునే రోజున) పన్నెండో స్థానంలో అతణ్ణి తీసుకున్నది మనమే. ఎనిమిదేళ్ళు ఇక్కడే డిఫెన్స్‌లో కార్నర్‌బ్యాక్‌గా ఆడాడు. 1995లో 3-13 (3 గెలుపులు, 13 ఓటములు), 1996లో 1-15 చేసిన జట్టులో అతను ఉన్నాడు. 1997లో కోచ్‌గా బిల్ పార్సెల్స్ వచ్చి, దాదాపు అదే మనుషులతో 9-7, మరుసటి ఏడు 12-4 చేసి, డెన్వర్‌లో కాన్ఫరెన్స్ ఫైనల్ (సూపర్ బౌల్‌కు ముందు మెట్టు) మూడో క్వార్టర్లో 10-0 ఆధిక్యం దాకా తీసుకెళ్ళినప్పుడూ అతను ఆ జట్టులోనే ఉన్నాడు. ఆ ఆట 23-10తో ఓడిపోయామనుకోండి. ఆ మరుసటి ఏడు మొదటి ఆటలోనే మన క్వార్టర్‌బ్యాక్ విన్నీ టెస్టావర్డీకి మడమ స్నాయువు తెగింది. రోడ్జర్స్ పడిపోయినప్పుడు యువకులందరూ ఇలాంటిది ఎప్పుడూ చూడలేదన్నారు, నేను చూశాను.

నేను చెప్పేదేమిటంటే, ఈ జట్టు అట్టడుగు ఎలా ఉంటుందో, అక్కడినుంచి లేవడం ఎలా ఉంటుందో రెండూ ఇదే రంగు జెర్సీలో అనుభవించినవాడు ఇంతకు ముందు కోచ్‌గా రాలేదు. మొన్నటి కోచ్‌లు బౌల్స్, గేస్, సాలే, వీళ్ళెవరికీ ఆ జ్ఞాపకం లేదు. అది గెలిపిస్తుందా అంటే చెప్పలేను.

నోవై_గోంగూర

పాతకాపు గారూ, ఆ 1997లో చివరి ఆట మా ఊళ్ళోనే డెట్రాయిట్ లయన్స్ చేతిలో 13-10తో ఓడిపోయి ప్లేఆఫ్స్ పోగొట్టుకున్నారు. మా బ్యారీ శాండర్స్ ఆ సీజన్‌లో పరుగెత్తినవి 2,000 గజాలు దాటింది ఆ రోజే. మీరు దాన్ని జాగ్రత్తగా దాటేశారు.

క్వీన్స్_పాతకాపు

పెద్దవాణ్ణి, కొన్ని గుర్తుండవు.

నోవై_గోంగూర

గ్లెన్ నాలుగేళ్ళు మా దగ్గర డిఫెన్స్ నడిపాడు కనుక నాకు తెలిసింది చెప్తాను. 2021లో హెడ్ కోచ్ డాన్ క్యాంప్‌బెల్‌తో పాటు వచ్చినప్పుడు లయన్స్ పరిస్థితి ఇప్పటి జెట్స్ కంటే హీనం. మొదటి పదకొండు ఆటల్లో గెలుపన్నదే లేదు, పదింట్లో ఓటమి, ఒకటి సమం. డిసెంబరులో మిన్నెసోటా మీద ఆఖరి ప్లేలో 29-27తో తొలి గెలుపు వచ్చినప్పుడు మా అపార్టుమెంటులో పై వాటాలోనివాళ్ళు సూపర్ బౌల్ గెలిచినట్టు నేల మీద దూకారు. ఆ ఏడు 3-13-1. మరుసటి ఏడు మళ్ళీ 1-6తో మొదలైంది, డిఫెన్స్ గజాల లెక్కలో లీగులోనే చివరన ఉంది, గ్లెన్‌ను పంపించేయాలని ఊరంతా అరిచింది, నేనూ అరిచాను. క్యాంప్‌బెల్ అతణ్ణి కదపలేదు. ఆ సీజన్ 9-8తో ముగిసింది. తర్వాత 12-5, ఆ తర్వాత 15-2.

మేము ప్లేఆఫ్స్‌లో ఒక్క గెలుపు కోసం 1991 సీజన్ నుంచి 2024 జనవరి దాకా ఎదురుచూశాం. మీ పదమూడేళ్ళ అబ్బాయికి ఆ మాట చెప్పండి.

పార్సిపనీ_తండ్రి

చెప్పాను. అంటే నాకు నలభై ఏళ్ళు వచ్చేదాకానా అని అడిగాడు.

లెక్కల_మాస్టారు

నోవై గారి పోలికలో ఒక లోపం ఉంది. లయన్స్ బాగుపడటానికి మొదటి మెట్టు కోచ్ కాదు, తమ క్వార్టర్‌బ్యాక్ స్టాఫర్డ్‌ను రామ్స్ జట్టుకు ఇచ్చి వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్‌ను, దానితో పాటు డ్రాఫ్టులో రెండు మొదటి రౌండు ఎంపికలను తెచ్చుకోవడం. గాఫ్ అప్పటికే ఒకసారి సూపర్ బౌల్ ఆడివున్నాడు. మన ఫీల్డ్స్ ప్లేఆఫ్స్‌లో ఒక్క ఆట కూడా మొదలుపెట్టలేదు. రాతి పునాది, ఇసక పునాది ఒకటి కావు.

ఎడిసన్_ఫిజియో

నిన్న రాస్తానన్నది ఇప్పుడు రాస్తున్నాను. మాస్టారు, లయన్స్ పునాది గాఫ్ కాదు. అదే 2021లో డ్రాఫ్టులో ఏడో స్థానంలో వాళ్ళు తీసుకున్న కుడి టాకిల్ (క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే ఐదుగురి వరసలో కుడి కొసన నిలబడేవాడు) పెనే సూవెల్. ఈ ఏప్రిల్లో జెట్స్ ఏడో స్థానంలో తీసుకున్నది ఎవరిని? మిస్సోరీ నుంచి వచ్చిన కుడి టాకిల్ అర్మాండ్ మెంబూను. నిరుడు పదకొండో స్థానంలో తీసుకున్న ఓలు ఫషాను ఎడమవైపు నిలబడతాడు. రెండు కొసలా ఇద్దరూ ఇరవైల్లో ఉన్న కుర్రవాళ్ళు. రోడ్జర్స్ కోసం నిరుడు ఆ రెండుచోట్లా టైరన్ స్మిత్, మోర్గాన్ మోజెస్ అనే ఇద్దరు ముప్పై దాటిన పెద్దలను తెచ్చిపెట్టిన జట్టు ఇది. నా దృష్టిలో నిజంగా కొత్తదంటూ ఉంటే అదే.

నేను ఫ్లోరమ్ పార్క్‌లో ప్రజలను అనుమతించిన రోజున సాధన చూడటానికి వెళ్ళాను. జనమంతా ఫీల్డ్స్ బంతి విసిరేవైపు చేరితే, నేను వృత్తిరీత్యా కాళ్ళు చూసేదాన్ని కనుక ఆ వరసలో నిలబడే లైన్‌మన్‌ల వైపు నిలబడ్డాను. మెంబూ 330 పౌండ్లకు పైగా ఉన్న మనిషి. బంతి కదిలిన క్షణాన వెనక్కి వేసే మొదటి అడుగు చాలామంది పెద్ద మనుషులకు బరువుగా, మడమ మీద పడుతుంది. అతని అడుగు మునివేళ్ళ మీద పడి, మోకాలు వంగి, నడుము కిందికే ఉండిపోయింది. ఎదుటివాడు భుజం తగిలిస్తే తల కదిలింది గానీ తుంటి కదలలేదు. ఒకసారి మాత్రం లోపలివైపు తిరిగినవాడి చేతిలో మోసపోయి బొక్కబోర్లా పడ్డాడు. కోచ్ పక్కకు పిలిచి అరచేయి ఎక్కడ పెట్టాలో చూపించి మళ్ళీ చేయించాడు. గడ్డి అతుక్కున్న ఆ చేతినే చూసుకుంటూ వరసలోకి వెళ్ళాడు. నాకు ఆ కుర్రవాడి మీద నమ్మకం కుదిరింది.

బాబుకు మెంబూ జెర్సీ కొనండి. లైన్‌మన్‌ల పేర్లు ఎవరూ వేసుకోరు కనుక మీకు శకునభయం కూడా ఉండదు. నేను కొనుక్కున్నాను.

ఫ్రిస్కో_బుల్లోడు

పదమూడేళ్ళ పిల్లవాడు కుడి టాకిల్ జెర్సీ వేసుకుని బడికి వెళ్తే ఆ రోజు ఒంటరిగా భోజనం చేయాలి.

పైమెట్టు_ప్రేక్షకుడు

ఫిజియో గారు చెప్పినదానికి నేను ఓటు వేస్తాను. అయితే కొత్త టాకిల్ ఉన్నంత మాత్రాన ఆఖరి క్వార్టర్లో ఆట పోగొట్టుకునే జబ్బు పోతుందా అన్నది నా భయం. నిరుడు కోల్ట్స్ మీద 28-27, సీహాక్స్ మీద 26-21, డాల్ఫిన్స్ మీద అదనపు సమయంలో 32-26. ఇవన్నీ చేతిలోకి వచ్చి జారిపోయినవే. డెన్వర్‌తో వానలో 10-9గా ఓడిన ఆటకు కూడా నేను ఉన్నాను, తడిసిన సాక్సుతో రైలెక్కాను. ఇవి ఒక్కోటి ఒక్కో ప్లేలో పోయాయి. గ్లెన్ సాధనలో తప్పు చేసినవాళ్ళను వెంటనే పక్కకు తీస్తున్నాడని విన్నప్పుడు నాకు మెంబూ కంటే అదే పెద్ద వార్త అనిపించింది.

ఓక్‌ట్రీ_రోడ్డు_ఆడిటరు

మీరందరూ వంటవాణ్ణి గురించి, కూరగాయల గురించి వాదిస్తున్నారు. 2000లో 63.5 కోట్ల డాలర్లకు ఈ హోటలు కొన్న యజమాని గురించి ఎవరూ మాట్లాడరేం? నిరుడు ఐదు ఆటలకే, 2-3 దగ్గర, కోచ్ సాలేను తీసేశారు. నవంబరులో జనరల్ మేనేజర్ జో డగ్లస్‌ను తీసేశారు. డెట్రాయిట్‌లో 1-6 దగ్గర కోచ్‌ను కదపలేదని నోవై గారు చెప్పారు. ఇక్కడ 1-6 అయితే ఎవరు మిగులుతారు? గ్లెన్, కొత్త జనరల్ మేనేజర్ డారెన్ మూగీ ఇద్దరూ మంచివాళ్ళే కావచ్చు. వాళ్ళకు మూడేళ్ళు ఇస్తారన్న నమ్మకం నాకు లేదు, అందుకే నేను ఎవరి జెర్సీ కొనను.

నోవై_గోంగూర

ఆడిటరు గారి మాటకు నా దగ్గర జవాబు లేదు.

హైదరాబాద్_తిరుగుటపా

మన దగ్గరనుంచి వెళ్ళినవాళ్ళు బాగుపడటం కూడా లెక్కలోకి తీసుకోవాలి. మన పాత క్వార్టర్‌బ్యాక్ జీనో స్మిత్ సియాటిల్‌లో నిలదొక్కుకున్నాడు. డార్నాల్డ్ నిరుడు మిన్నెసోటాలో 14 ఆటలు గెలిపించాడు. మొక్క చచ్చిందని మనం గోడవతల పారేస్తే పక్కింటివాళ్ళు కుండీలో పెట్టి పూలు కోసుకుంటున్నారు. పార్సిపనీ గారూ, ఆ డార్నాల్డ్ జెర్సీ పారేయకండి.

పార్సిపనీ_తండ్రి

అది ఆరేళ్ళ పిల్లవాడి కొలత. ఇప్పుడు వాడి మోచేతికి కూడా ఎక్కదు.

లెక్కల_మాస్టారు

చర్చ జెర్సీ దగ్గరికి తిరిగి వచ్చింది కనుక లెక్క ప్రకారం సలహా చెప్తాను. క్వార్టర్‌బ్యాక్‌లు వస్తారు, పోతారు. జట్టు ఎవరిని పోనివ్వదలచుకోలేదో ఒప్పందాలే చెప్తాయి. పోయిన నెల గారెట్ విల్సన్‌కు నాలుగేళ్ళకు 13 కోట్లు, మరునాడే కార్నర్‌బ్యాక్ సాస్ గార్డ్‌నర్‌కు నాలుగేళ్ళకు 12.04 కోట్లు ఇచ్చారు. గార్డ్‌నర్ ఒప్పందం 2030 దాకా ఉంది. అప్పటికి మీ అబ్బాయికి కాలేజీ వచ్చేస్తుంది. ఇంతకంటే భద్రమైన జెర్సీ లేదు.

ఫ్రిస్కో_బుల్లోడు

సాస్ అంటే నాకూ అభ్యంతరం లేదు. వేసుకుంటే బడిలో ఒంటరిగా కూర్చోనక్కరలేదు.

పైమెట్టు_ప్రేక్షకుడు

నేను క్విన్నెన్ విలియమ్స్ అంటాను. 2019 నుంచి ఇక్కడే ఉన్నాడు, ఎక్కడికీ పోడు.

క్వీన్స్_పాతకాపు

ఎక్కడికీ పోడు అన్న మాట మెట్‌లైఫ్‌లో పైకి అనకూడదు నాయనా.

ఎడిసన్_ఫిజియో

మెంబూ.

హైదరాబాద్_తిరుగుటపా
ఆగస్టు 26, 2025

ఇవాళ 90 మందిని 53కు కుదించే రోజు. సాయంత్రం నాలుగు గంటల్లోపు ముప్పై ఏడుమంది ఉద్యోగాలు పోతాయి. వాళ్ళను పాత ఒప్పందంతోనే మరో జట్టు తీసుకోవడానికి మర్నాటి మధ్యాహ్నం వరకే గడువు. మన హెచ్-1బీ వాళ్ళకు అరవై రోజులైనా ఇస్తారు.

ఓక్‌ట్రీ_రోడ్డు_ఆడిటరు

వాళ్ళకు దేశం విడిచి వెళ్ళవలసిన పని లేదు. పోలికలో ఆ పద్దు మరిచిపోయారు.

పార్సిపనీ_తండ్రి
సెప్టెంబరు 4, 2025

అందరికీ కృతజ్ఞతలు. మెంబూ పేరు చెప్పగానే మా అబ్బాయి మొహం చూసి, మాస్టారి లెక్కకే మొగ్గాను. గార్డ్‌నర్ జెర్సీ నిన్న వచ్చింది. ఇంతలో ఫీల్డ్స్ ముందు నిలబడే ఆ ఐదుగురిలో గార్డ్ స్థానంలో ఆడే అలైజా వెరా-టక్కర్‌కు ట్రైసెప్స్ చిరిగి సీజన్ మొత్తానికి దూరమయ్యాడన్న వార్త చదివాను. మొదటి ఆట ఇంకా రాలేదు. వచ్చే ఆదివారం మెట్‌లైఫ్‌కు వస్తున్నది స్టీలర్స్, వాళ్ళ క్వార్టర్‌బ్యాక్ ఎవరో ఈ చర్చలో ఎవరికీ చెప్పనక్కరలేదు. మా వాడు నాలుగో జెర్సీని అలమరాలో ఇంకా వెనక్కి నెట్టేశాడు.

పైమెట్టు_ప్రేక్షకుడు
సెప్టెంబరు 7, 2025

34-32. రోడ్జర్స్ నాలుగు టచ్‌డౌన్‌లు (ఎండ్ జోన్‌లో చేసే స్కోరు) విసిరాడు. ఫీల్డ్స్ బాగానే ఆడాడు, ఆ మాట న్యాయంగా చెప్పాలి. ఆఖరి క్వార్టర్లో కిక్ అందుకుని బంతి జారవిడిచి వాళ్ళకు టచ్‌డౌన్ సమర్పించింది ఎవరనుకున్నారు? జేవియర్ గిప్సన్. రెండేళ్ళ కిందట అదే రాత్రిని కాపాడిన కుర్రవాడే. చివర్లో 60 గజాల కిక్‌తో ఆట పోయింది. ఈసారి నా పక్కన ఎవరూ ఎవరినీ కౌగిలించుకోలేదు.

ఫ్రిస్కో_బుల్లోడు
నవంబరు 4, 2025

ఈ చర్చను మళ్ళీ పైకి తెస్తున్నందుకు క్షమించాలి. క్విన్నెన్ విలియమ్స్ మా ఊరికి వస్తున్నాడు. ఎక్కడికీ పోడన్న పెద్దమనిషికి విమానాశ్రయం నుంచి ఫోటో పంపిస్తాను.

నోవై_గోంగూర

గార్డ్‌నర్ కూడానట. ఎనిమిది ఆటల్లో ఒక్క గెలుపుతో ఉన్న జట్టు ఒకే రోజున ఇద్దరినీ ఇచ్చేసింది. మేము స్టాఫర్డ్‌ను పంపిన ఏడాది గుర్తొస్తోంది. ఆ దారే అనుకుంటే తప్పుగా అనుకోను గానీ, మూడేళ్ళు పడుతుంది.

లెక్కల_మాస్టారు

సాస్‌కు బదులుగా 2026, 2027 మొదటి రౌండు ఎంపికలు రెండూ, అడొనై మిచెల్ అనే ఆటగాడూ వచ్చారు. 2030 దాకా అన్నది నేనే కనుక జవాబు చెప్పుకోవాలి. నా లెక్క ఇప్పటికీ తప్పు కాలేదు. ఒప్పందం 2030 దాకానే ఉంది, కాకపోతే ఇండియానాపొలిస్‌లో.

క్వీన్స్_పాతకాపు

మాస్టారూ, ఆ అబ్బాయి జెర్సీ డబ్బులు మీరే ఇవ్వాలి.

పార్సిపనీ_తండ్రి

ఐదోది తగిలించాను, హ్యాంగరు ముందే కొని ఉంచాను. ఫిజియో గారూ, మెంబూ జెర్సీ మీరు ఏ కొట్లో కొన్నారు? మా వాడే అడగమన్నాడు.